నా నోరు చూపించి తాతయ్య కొన్న ల్యాప్‌టాప్

మా తాతయ్య బస్సులో కూర్చోడు. సీటు ఖాళీగా ఉన్నా సరే, కడ్డీని రుమాలుతో పట్టుకుని నిలబడే వస్తాడు. అంతకుముందు కూర్చుని లేచినవాళ్ల వేడి ఆ సీటులో ఇంకా మిగిలి ఉంటుందట. ఎవరి వేడో తెలియకుండా దాని మీద ఎలా కూర్చోవాలని ఆయన అడిగితే, తొమ్మిదో తరగతితోనే బడికి దండం పెట్టిన నా దగ్గర జవాబు ఏముంటుంది? బాగా చదువుకున్నవాళ్ల దగ్గర కూడా లేదు. అడిగి చూశాను.

ఇంకొకరి దువ్వెన, తడిసిన సబ్బు, హోటల్ గ్లాసు, లిఫ్టు మీట, ఉమ్మితో వేలు తడి చేసుకుని తిప్పిన కాగితం, తుమ్మినవాడి పక్కనున్న గాలి, వీటన్నిటికీ ఆయన దగ్గర ఒకటే మాట ఉంది. ఛీ. ఆ మాట ఆయన నోటి నుంచి ఊపిరంత తేలిగ్గా వస్తుంది. అందుకే వీధిలో పిల్లలు ఆయన్ని ఛీ తాత అంటారు. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయన అనుమానం. నేను అవుననీ అనను, కాదనీ అనను.

ఇలాంటి మనిషి నలభై ఏళ్లు పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేశాడు. పెళ్లంటే ఏమిటి? వందలమంది ఒకచోట చేరి చెమట పట్టి, తిని, ఏడ్చి, ముక్కు చీది, ఆవులించడం. కెమెరావాడు అదంతా తెచ్చి తాతయ్య బల్ల మీద కుమ్మరించేవాడు. తాతయ్య ఒక్కొక్కటే ఏరి పారేసేవాడు. నమిలే దవడలు కట్. చంకల్లో తడిసిన చొక్కా కట్. పళ్ల సందులో ఇరుక్కున్నదాన్ని గోటితో లాక్కునే మేనమామ కట్, ఎంత దగ్గరి మేనమామ అయినా సరే. తాతయ్య పూర్తి చేసిన పెళ్లిలో జనం భోజనాలకి కూర్చుంటారు, భోజనాల నుంచి లేస్తారు, మధ్యలో ఎవరూ ఏమీ తినరు. అది చూసుకుని మా పెళ్లి ఎంత ముచ్చటగా జరిగిందోనని వాళ్లు మురిసిపోయేవారు.

ఆయనకి ఇంకో పట్టింపు కూడా ఉంది. రెండు కెమెరాలతో తీసిన పెళ్లిలో పెళ్లికొడుకు ఒకదాంట్లో ఎర్రగా, ఇంకోదాంట్లో పాలిపోయి కనిపిస్తాడు. ఒకే వీడియోలో రంగులు అలా ఎగుడుదిగుడుగా ఉంటే అది ఎడిటర్ తలదించుకోవాల్సిన విషయమంటాడు తాతయ్య. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, ఒకదానికి ఎరుపు తగ్గించి, ఇంకోదానికి పెంచి, రెండూ ఒకే రంగులోకి వచ్చేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. అమ్మమ్మ భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. అయితే అందుకు వేరే కారణం కూడా ఉంది. అమ్మమ్మ పులుసు జుర్రుతుంది.

తర్వాత కాలం మారింది. పెళ్లివాళ్లకి ఇప్పుడు నమలడమే కావాలి. పెళ్లికూతురు ఏడ్చి ముక్కు చీదుతుంటే దాన్ని నెమ్మదిగా నడిపించి, వెనక వయొలిన్ పెడుతున్నారు. అలాంటి వీడియో ఒకటి నా ఫోన్‌లో చూపిస్తే తాతయ్య కళ్లు మూసుకున్నాడు. "చీమిడికి సంగీతమా?" అన్నాడు. పిలిచేవాళ్లు తగ్గారు. ఆ తర్వాత పిలవడమే మానేశారు.

పని లేని తాతయ్య మా ఇంటిని ఎడిట్ చెయ్యడం మొదలుపెట్టాడు. నేను ఆవులిస్తే బయటికి పొమ్మనేవాడు. అమ్మమ్మ తింటుంటే ఎదురుగా కూర్చుని, ఎడమ దవడతో నమిలితే చప్పుడు తగ్గుతుందని సలహా ఇచ్చేవాడు. అమ్మమ్మ ఒకరోజు గరిటె కింద పెట్టి, ఎక్కడో ఒకచోట పని చూసుకోండి, లేదంటే నేనే ఎక్కడికైనా పోతానంది. తాతయ్య లేచి వెళ్లాడు. ముందుగదిలో తన పాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఆరిపోయిన తెర తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. అది చూశాక అమ్మమ్మకి కోపం పోయి భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చింది పళ్ల డాక్టరమ్మ. ఎవరూ తినని పెళ్లిళ్లలో ఆవిడ పెళ్లి కూడా ఒకటి. ఇప్పుడు ఆవిడ క్లినిక్‌లో విద్యార్థులకి పాఠాలు చెబుతోంది. రోగుల నోళ్లు వీడియో తీసి పెట్టుకుంది, వాటిని పాఠాలుగా కోసి కూర్చాలి. తాతయ్య పని ఆవిడకి తెలుసు, అందుకే వెతుక్కుంటూ వచ్చింది. ఒకటే షరతు. రోగుల వీడియోలు క్లినిక్ గడప దాటకూడదు. అక్కడికే వచ్చి చెయ్యాలి.

నోళ్లు అనే మాట వినగానే తాతయ్య మొహం ఆముదం తాగినట్టు అయింది. రోజంతా పాచి, చీము, లాలాజలం, అదీ తెర నిండా. పెళ్లిళ్లలో ఒక్క దవడ కదిలితే తట్టుకోలేని మనిషి. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది. తెరిచిన నోటితోనే సరే అన్నాడు.

ఆవిడ వెళ్లాక నాతో మెల్లిగా అన్నాడు. "ఏమే, ఇది కూడా పోతే నన్ను ఇంకెవరూ పిలవరు. నేనూ ఆ కంప్యూటర్ ముందున్న కుర్చీ ఒకటే."

మా కంప్యూటర్ ట్రంకు పెట్టె అంత ఉంటుంది, రోజూ మోసుకెళ్లేది కాదు. కాబట్టి ల్యాప్‌టాప్ కావాలి. కొనే ముందు దాన్ని నోటితోనే పరీక్షించాలన్నాడు తాతయ్య. దుకాణాల్లో చూపించే పువ్వులూ సముద్రాలూ ఏ తెర మీదైనా బాగానే ఉంటాయి, నాకు రోజూ కనిపించేది పువ్వులు కాదుగా అన్నాడు. ఆ మాట నిజమే. డాక్టరమ్మ దగ్గరి నోళ్లు బయటికి రావు కాబట్టి ఇంట్లోవాటిలోంచే ఒకటి ఎంచుకోవాలి. అమ్మమ్మవి కట్టుడు పళ్లు, అవి పనికిరావన్నాడు. తన నోరు తను చూసుకునే ధైర్యం లేదు. మిగిలింది నాది.

నాకు కుడి దవడలో చివరి పన్ను పుచ్చి సగం నల్లబడింది. దాని చుట్టూ చిగురు వాచి మెరుస్తూ ఉంటుంది. వీడియోకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదని నేనే ముందుకొచ్చాను. తాతయ్య ముక్కుకి రుమాలు కట్టుకుని, పాత కెమెరా పట్టుకుని, కిటికీ దగ్గర నన్ను నిలబెట్టాడు.

"ఇంకా తెరువు. ఇంకా. ఛీ. చాలు, మూసెయ్."

ఆ నోటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరం బజారుకి బయల్దేరాం.

మొదటి దుకాణంలో ల్యాప్‌టాప్‌లన్నీ నోళ్లు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. సేల్స్‌మన్ ర్యామ్ అన్నాడు, కోర్లు అన్నాడు, గ్రాఫిక్స్ కార్డ్ అన్నాడు. తాతయ్య వాటి మాట ఎత్తకుండా, ఈ కీబోర్డు దగ్గర కూర్చుని ఎవరైనా ఏమైనా తిన్నారా అని అడిగాడు. సేల్స్‌మన్‌కి ఆ ప్రశ్నకి జవాబు నేర్పలేదు. మీటల మీద రోజంతా నొక్కిపోయినవాళ్ల వేళ్ల జిడ్డు మెరుస్తోంది. రెండు మీటల మధ్య ఎవరిదో వెంట్రుక. తాతయ్య జేబులోంచి ప్లాస్టిక్ చేతి తొడుగులు తీసి వేసుకున్నాడు. మౌస్ బదులు వేలితో రాసే పలకని ఒకసారి తాకి, ఎవరి చెంపో నిమిరినట్టుందని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తొడుగు ఉండగానే.

తర్వాత నా నోరు పెట్టాడు. అది ఆ దుకాణంలో అన్నిటికన్నా మంచి తెర. పన్ను మీద గార పొరలు పొరలుగా కనిపించింది. చిగురు చివర పసుపుపచ్చగా ఏదో ఉంది. అది అక్కడ ఉన్నట్టు నాకే తెలియదు. నాలుక కదిలినప్పుడు సన్నటి ఉమ్మి తీగ సాగి తెగింది. నా మీద నాకే రోత పుట్టింది. పక్కన ఫోన్లు చూస్తున్న ఒకావిడ తన పిల్లాడి కళ్లు మూసి అవతలికి లాక్కెళ్లింది. ఇది ఎవరి నోరండీ అని సేల్స్‌మన్ అడిగితే నేను నవ్వాను. అతనికి జవాబు దొరికింది. తాతయ్య ఒక్క వేలితో మూత మూసేశాడు.

రెండో దుకాణంలోనూ అంతే. ఎంత మంచి తెర అయితే నేను అంత అసహ్యంగా ఉన్నాను. తెరలన్నీ కూడబలుక్కుని నన్ను అవమానిస్తున్నట్టు అనిపించింది.

మూడో దుకాణంలో సేల్స్‌మన్‌ది బట్టతల, నిదానం మనిషి. అక్కడ ఒక మూల ఉన్నదాంట్లో నా నోరు పెట్టగానే తాతయ్య భుజాలు కిందికి దిగాయి. నల్లటి పన్ను బూడిద రంగులో ఉంది. వాచిన చిగురు ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంది. ఆ పసుపుపచ్చది అసలు లేనే లేదు. చూడగా చూడగా నాది ఎవరో మర్యాదస్తురాలి నోరులా కనిపించింది.

బట్టతల సేల్స్‌మన్ నిజాయితీగానే చెప్పాడు. దీని లోపలి యంత్రం గట్టిది, ఎంత పెద్ద వీడియో అయినా లాగేస్తుంది, కానీ తెర మాత్రం చప్పిడిది, రంగులు సగమే చూపిస్తుంది, ఆటలాడే కుర్రాళ్లు దీన్ని ఇంకో పెద్ద తెరకి తగిలించుకుంటారు, ఎడిటింగ్‌కి వద్దు అన్నాడు.

"నాకు సగం చాలు బాబూ," అన్నాడు తాతయ్య. "ఆ మిగతా సగం చూడలేకే తిరుగుతున్నాను."

కొన్న ల్యాప్‌టాప్‌ని నేను మోశాను. సంచీని నేల మీద పెట్టకూడదు, బస్సులో ఎవరి ఒళ్లూ తగలనివ్వకూడదు. క్లినిక్‌లో డాక్టరమ్మ ఒక చిన్న గది ఇచ్చింది. అరల నిండా ప్లాస్టరు దవడలు, ఒక్కొక్కటీ ఒక్కో తీరున పళ్లికిలిస్తూ ఉన్నాయి. తాతయ్య వాటన్నిటినీ గోడవైపు తిప్పి పెట్టి పనిలోకి దిగాడు.

మొదటి పాఠం చిగుళ్ల గురించి. మంచి చిగుళ్లు ఒకవైపు, జబ్బు చేసిన చిగుళ్లు ఇంకోవైపు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి. చప్పిడి తెర మీద రెండూ ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి. ఒకటి కాస్త ఎర్రగా ఉందేమోనన్న అనుమానం వచ్చింది తాతయ్యకి. దీపం తేడా వల్ల అలా పడిందనుకున్నాడు. నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఒకదానికి ఎరుపు తగ్గించాడు, ఇంకోదానికి పెంచాడు, రెండూ ఒకే రంగులోకి వచ్చేదాకా కూర్చున్నాడు. మధ్యలో కారే లాలాజలం ఎలాగూ కట్. పని అయ్యాక తొడుగులు తీసి, బాగా కుదిరిందే అన్నాడు నాతో. ఆయన పనిని ఆయనే మెచ్చుకోవడం చాలా రోజుల తర్వాత విన్నాను.

డాక్టరమ్మ దాన్ని గోడ మీది పెద్ద టీవీలో పెట్టించుకుంది. కాసేపు చూసింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

"మాస్టారూ, వీటిలో జబ్బు నోరు ఏది?"

తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని ఎడమదాన్ని చూపించాడు.

"అది మా అమ్మాయి నోరు," అంది డాక్టరమ్మ. "రోజూ రెండుపూటలా పక్కన నిలబడి నేనే తోమిస్తాను."

నాకు నవ్వొచ్చింది. తాతయ్య మొహం చూసి ఆపుకున్నాను.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. రంగు చూసి జబ్బు పట్టడమే ఈ పాఠమంతా అంది. పిల్లలు ఇది చూసి నేర్చుకుని, రేపు మనుషుల నోళ్లలో చేతులు పెడతారు, మంచి చిగుళ్లు కోసి కుళ్లినవి వదిలేస్తారు అంది. సోమవారం క్లాసు ఉంది కాబట్టి ఇంకొకతన్ని కూడా రమ్మన్నానని, ఆ లోపల మీరు సరిచేస్తే సరే, లేకపోతే ఏమీ అనుకోవద్దని చెప్పింది. పెద్దాయన్ని నొప్పించకూడదని మెత్తగా చెప్పింది. మెత్తగా చెప్పడం వల్ల ఇంకా లోపలికి దిగింది.

ఇంటికి వచ్చేటప్పుడు తాతయ్య బస్సులో సీటు దొరికితే కూర్చున్నాడు. ఎవరి వేడో పట్టించుకోలేదు. అది చూసి నాకు గుబులు పుట్టింది.

ఇంట్లో అమ్మమ్మ ఏమైందని అడిగింది. "ఏముంది, కుళ్లిన నోటిని పెళ్లికొడుకుని చేసి కూర్చోబెట్టాను," అన్నాడు. ఇక ఆ పూట అన్నం దగ్గరికి రాలేదు. నాకు తెలిసి ఆయన జీవితంలో మొదటిసారి ఆయనకి అసహ్యం వేసింది ఎదుటివాళ్ల మీద కాదు.

పొద్దున్నే లేచి ల్యాప్‌టాప్ సంచీ నా చేతికిచ్చి, అమ్మమ్మని కూడా బయల్దేరమన్నాడు. నేనెందుకండీ అంటే, నీతో పనుందన్నాడు. వాళ్లిద్దరూ కలిసి బజారుకి వెళ్లి ఎంత కాలమైందో. అమ్మమ్మ మంచి చెప్పులు వేసుకుంది.

బట్టతల సేల్స్‌మన్ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు. నా మొహం చూసి కాదనుకుంటా. తాతయ్య ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మీరు చెప్పినా వినలేదు, తప్పు నాదే, మార్చి ఇస్తారా అన్నాడు. అతను మనిషి మంచివాడు, కాస్త నష్టం మా మీద వేసి ఒప్పుకున్నాడు. ఎలాంటిది కావాలని అడిగాడు.

"మీ దగ్గర అన్నిటికన్నా అసహ్యంగా చూపించేది ఏదైతే అది."

అతను ఆలోచించి మూడింటిని వరసగా పెట్టాడు. తాతయ్య మూడింటిలోనూ నా నోరు వేశాడు. తను మాత్రం అటు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. న్యాయం చెప్పాల్సింది అమ్మమ్మ. ఆవిడ ఆ వీడియో అంతవరకు చూడలేదు, ఎవరిదో కూడా తెలియదు. పైగా ఆవిడకి దేనికీ వికారం రాదు. డ్రెయినేజీ తవ్వుతుంటే పక్కన నిలబడి పల్లీలు తినగలదు. ఆవిడకే కడుపులో తిప్పిందంటే ఆ తెర నిజం చెబుతున్నట్టేనని తాతయ్య లెక్క.

మొదటిది చూసి, ఎవరిదో పాపం, పన్ను నొప్పిలా ఉంది అంది. రెండోదాని దగ్గర మూతి ముడిచింది, అంతే. మూడోదాని ముందు వంగి చూసి, కళ్లు చిట్లించి, గభాలున వెనక్కి జరిగి ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లిగా నావైపు తిరిగింది.

"ఒసేయ్, ఇది నీ నోరే కదూ?"

ఎలా పట్టావని అడిగాను.

"వాసన కూడా వస్తుంటే పట్టనా?" అంది.

"అది కట్టండి," అన్నాడు తాతయ్య గోడతోనే.

ఆ తెర ముందు ఆయన పని చెయ్యడం చూడ్డానికి మనిషికి గుండె కావాలి. తెర వెలగగానే నోటికి రుమాలు కట్టేవాడు. ఒక ముక్క కోసేవాడు, లేచి వెళ్లి చేతులు కడుక్కునేవాడు. తొడుగుల మీద కూడా నీళ్లు పోసుకునేవాడు. జబ్బు చిగుళ్లు పుండు పడిన మాంసంలా తెర నిండా పరుచుకున్నాయి. పన్నుకీ చిగురుకీ మధ్య తెల్లగా పేరుకున్నది కదులుతున్నట్టే ఉంది. తాతయ్య గొంతులో ఒక్కోసారి వాంతి వచ్చినట్టు చప్పుడయ్యేది. అయినా ఎరుపుని ముట్టుకోలేదు. రంగు దగ్గరికి చెయ్యి అలవాటుగా పోతే, రెండో చేత్తో దాన్ని కొట్టేవాడు. నేను చూశాను.

క్లాసుకి ముందు డాక్టరమ్మ మళ్లీ పెద్ద టీవీలో పెట్టింది. మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"కుడిది," అన్నాడు తాతయ్య నేల చూపులు చూస్తూ. "ఇంకోసారి అడక్కండమ్మా, చూడలేను."

ఆవిడ నవ్వలేదు. చివరిదాకా చూసి, మా ముందే ఫోన్ తీసి ఆ రెండో అతన్ని రావద్దని చెప్పింది. తాతయ్య వినిపించుకోనట్టు ప్లాస్టరు దవడల మీద దుమ్ము చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ రంగుకి జబ్బు కారణం కాదని నాకు తెలుసు.

అప్పటి నుంచి ఆయన అక్కడే పని చేస్తున్నాడు. అలవాటైపోయి ఉంటుందని అందరూ అంటారు. ఏమీ అవలేదు. రోజూ మొదటిరోజు ఎంత ఏవగించుకున్నాడో అంతే ఏవగించుకుంటాడు. మధ్యాహ్నం అక్కడ ఏమీ తినడు. మొన్న చీముగడ్డ పాఠం వచ్చింది. పన్ను కింద గడ్డని కోస్తే లోపలిది బయటికి వస్తుంది, ముందు పసుపుగా, తర్వాత పచ్చగా, చివర్న నెత్తురుతో కలిసి. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. డాక్టరమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. ఇన్నేళ్ల నుంచి చూస్తున్న ఆవిడే మొహం తిప్పుకుని, ఇక్కడికి చాలు మాస్టారూ, కోసెయ్యండి అంది.

"ఇంకాస్త ఉండాలమ్మా," అన్నాడు తాతయ్య రుమాలు లోంచి. "రంగు మారేది ఇప్పుడే. ఇక్కడ కోస్తే పిల్లలకి ఏం తెలుస్తుంది?"

పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారంది ఆవిడ. పడితే లేస్తారన్నాడు ఈయన. ఆ గడ్డ తెర మీద అలాగే కారుతూ ఉంది, దాన్ని మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కాసేపు బేరమాడారు. చివరికి ఆవిడ అడిగినదానికీ ఈయన అడిగినదానికీ మధ్యలో ఎక్కడో కోశారు. ఆవిడ లేచి రోగుల దగ్గరికి వెళ్లిపోయింది.

తాతయ్య ఆ ముక్కని మొదటి నుంచి ఒకసారి నడిపి చూసుకున్నాడు. సేవ్ చేశాడు. తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసి, నన్ను దాటుకుని గబగబా క్లినిక్ వెనక్కి నడిచాడు. నేను వెళ్లేసరికి కుళాయి దగ్గర వంగి, మెట్ల పక్కన మొక్కల్లోకి నోరు పుక్కిలించి ఊస్తున్నాడు. పొద్దుటి నుంచి ఆ నోట్లో మెతుకు పడలేదు. వీపు నిమురుదామని చెయ్యి చాపాను.

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడు.